ఓట్ల లెక్క, సీట్ల లెక్క, సర్కారు లెక్క: ఎన్నికల అంచనాలపై అపోహలు – వాస్తవాలు

నేను ఎన్నికల సర్వేల్లో పనిచేస్తాను. ఊరూరా తిరిగి జనాన్ని ప్రశ్నలడిగే కుర్రాడిగా మొదలుపెట్టి, ఇప్పుడు ఆ జవాబులను కూర్చి లెక్క తేల్చే బల్ల దగ్గరికి చేరాను. ఎన్నికల వేళ పెళ్లికి వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా నాకు ఎదురయ్యేది ఒకటే ప్రశ్న: "ఎవరొస్తున్నారండీ?"

ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. ఎవరికి ఎన్ని ఓట్లు పడతాయి? ఆ ఓట్లు ఎన్ని సీట్లవుతాయి? ఆ సీట్లతో ఎవరు ఎవరితో చేతులు కలిపి ప్రభుత్వం ఏర్పాటు చేస్తారు? మొదటిది సర్వేతో కొంతవరకు తెలుస్తుంది. రెండోదానికి నియోజకవర్గాల పాత లెక్కలు తిరగేయాలి. మూడోది ఓటరును అడిగితే తెలిసేది కాదు, ఎందుకంటే అది ఓటరు చేతిలో ఉండదు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే మా పని మీద ఇన్ని అపోహలు.

అపోహ: ఎంత ఎక్కువ మందిని అడిగితే అంచనా అంత కచ్చితం.

వాస్తవం: అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు నొక్కి చూస్తే చాలంటారు. గిన్నెలో అన్నం అంతా ఒకేలా ఉంటే ఆ మాట నిజమే. అడుగున మాడి పైన పలుకుగా ఉన్న గిన్నెలో పై మెతుకులు వెయ్యి నొక్కినా అడుగు సంగతి తెలియదు. ఓటర్ల జాబితాలోంచి లాటరీ తీసినట్టు పేర్లు తీసి వెయ్యి మందిని అడిగితే, ఓట్ల శాతంలో పొరపాటు సుమారు మూడు శాతం అటూఇటూ ఉంటుంది. పది వేల మందిని అడిగితే అది ఒక శాతానికి తగ్గుతుంది. బస్టాండులో కనిపించిన లక్ష మందిని అడిగితే మాత్రం పొరపాటు ఎంతో లెక్కకట్టడానికి దారే ఉండదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక ఇరవై లక్షలకు పైగా జవాబులు సేకరించి, అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు.

పేరు సరిగ్గా ఎంచుకున్నా పని సగమే అయినట్టు. పల్నాడులో ఒక ఊళ్లో మా కుర్రాడితో కలిసి ఒక ఇంటికి వెళ్లాను. జాబితా ప్రకారం మేం అడగాల్సింది ఆ ఇంటి కోడలిని. అరుగు మీద ఆమె మామగారు, పక్కింటివాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. "ఆమెను అడిగేదేముంది, మా ఇంట్లో అందరిదీ ఒకటే ఓటు, రాసుకోండి" అన్నారాయన. మావాడు రాసుకోలేదు. మంచినీళ్లు అడిగాడు. ఆమె చెంబుతో వచ్చింది. పార్టీల గుర్తులు అచ్చేసిన చీటీ, మూతకు సన్నటి చీలిక ఉన్న డబ్బా చూపించి, "అమ్మా, మీరు లోపలికి తీసుకెళ్లి టిక్కు పెట్టి, మడిచి ఇందులో వేయండి, ఎవరూ చూడరు" అన్నాడు. ఆమె మామగారి వైపు ఒకసారి చూసి, చీటీ తీసుకుని తలుపు చాటుకు వెళ్లింది. తిరిగి వచ్చాక డబ్బాలో చీటీ వేసిన చప్పుడు మాకు వినిపించింది. ఆ ఊళ్లో ఆ రోజు నోటితో విన్న జవాబులకూ డబ్బాలోని చీటీలకూ పొంతన కుదరలేదు. ఫోను మీద రెండు నిమిషాల్లో ముగించే సర్వేలో ఆ తలుపు చాటు ఉండదు. అందుకే ఎంత మందిని అడిగారనే దానికంటే ఎవరిని, ఎక్కడ, ఎవరి ముందు అడిగారన్నది నాకు ముఖ్యం.

ఇంటి దగ్గర లేనివాళ్ల సంగతి వేరే ఉంది. హైదరాబాదులో, బెంగళూరులో పనిచేస్తూ పోలింగు రోజుకు బస్సెక్కి ఊరికి వచ్చే ఓటరు మా కుర్రాడు తలుపు తట్టిన రోజున అక్కడ ఉండడు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలింగ్ కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా వరుసలు కదిలాయి. ఆ వరుసల్లో నిలబడ్డవారిలో ఎందరు మా నమూనాకు అందారన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న.

అపోహ: ఓట్ల శాతం తెలిస్తే సీట్లు తెలిసినట్టే.

వాస్తవం: మా పనిలో నిజమైన కష్టం ఇక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 11. ఓట్లు దాదాపు సమానం, పైగా ఓ పిసరు ఎక్కువ. సీట్లు మాత్రం సగానికి తగ్గాయి. 2019లో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 50 శాతం ఓట్లుంటే, 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి సుమారు 55 శాతం ఉన్నాయి. ఓడినవారి ఓటు ఎంతన్నదే కాదు, అవతలి ఓటు చీలిందా, ఒక్కటిగా నిలిచిందా అన్నది సీట్లను తేలుస్తుంది. 2019లో జనసేన తెలుగుదేశంతో కలవకుండా పోటీచేసి ఒకే ఒక్క సీటు గెలిచింది. 2024లో కూటమిలో ఉండి పోటీచేసిన 21 సీట్లూ గెలిచింది. 175లో కూటమికి 164 రావడం అందరినీ ఆశ్చర్యపరిచింది గానీ, పొత్తు ఓట్లు నిజంగా బదిలీ అవుతాయని ఎవరైనా ముందే నమ్మి ఉంటే ఆ అంకె దగ్గరికి వెళ్లడం అసాధ్యమేమీ కాదు. ఆ నమ్మకమే మాలో చాలామందికి చాలలేదు.

తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం. తేడా రెండు శాతం. సీట్లు 64, 39. ఇక కర్ణాటకలో 2018లో కాంగ్రెస్‌కే ఎక్కువ ఓట్లు పడ్డాయి, ఎక్కువ సీట్లు బీజేపీ తీసుకుంది. కాంగ్రెస్ ఓటు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంది. బీజేపీ ఓటు కొన్ని ప్రాంతాల్లో చిక్కగా ఉంది.

ఇప్పుడు మొదటి అపోహ దగ్గర చెప్పిన మూడు శాతం పొరపాటును గుర్తుచేసుకోండి. గెలుపోటముల మధ్య తేడాయే రెండు శాతమైతే, సర్వే నిజాయితీగా చేసినా రెండు పార్టీల్లో ఎవరైనా గెలవవచ్చు. టీవీలో "64 సీట్లు" అని ఒకే అంకె మెరిసినప్పుడు దాని వెనుక "45 నుంచి 80 వరకు" అనే పొడవాటి గీత ఉంటుంది. ఆ గీతను చెరిపేసి చూపించడం వీక్షకుడికి అన్యాయం చేయడమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎన్నికల తర్వాత అధికారులు విడుదల చేసే ఫారం 20లో ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. కాలవకు ఇవతలి బూత్ ఒకవైపు, అవతలి బూత్ ఇంకోవైపు పడడం ఆ కాగితాల్లో కళ్లకు కడుతుంది. మండల మండలానికీ ఆ తేడాను పట్టుకోకుండా రాష్ట్ర శాతాన్ని సీట్లలోకి మార్చేవాళ్లు చీకట్లో రాయి విసురుతున్నట్టే.

అపోహ: సభకు వచ్చిన జనమే ఓట్లు.

వాస్తవం: 2009లో ప్రజారాజ్యం సభలు చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు. చిరంజీవి ఎక్కడికి వెళ్తే అక్కడ జనసముద్రం. ఓట్లు కూడా తక్కువేమీ కాదు, 16 శాతానికి పైనే పడ్డాయి. 294 సీట్లలో దక్కినవి 18.

అపోహ: పోలింగ్ శాతం పెరిగితే ప్రభుత్వం మీద వ్యతిరేకతే.

వాస్తవం: 2019 లోక్‌సభ ఎన్నికల్లో అప్పటిదాకా ఎన్నడూ లేనంతగా 67 శాతం దాటి పోలింగ్ జరిగింది. అధికారంలో ఉన్న బీజేపీ 282 నుంచి 303కు పెరిగింది. తెలంగాణలో 2018తో పోలిస్తే 2023లో పోలింగ్ తగ్గింది, ప్రభుత్వం మారింది. ఎంత మంది వచ్చారన్నది ఎవరు వచ్చారో చెప్పదు.

అపోహ: ఎగ్జిట్ పోల్స్ అన్నీ అమ్ముడుపోయినవే.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా ఎండలో తిరిగిన పిల్లల ముఖాలు గుర్తొచ్చి బాధ కలుగుతుంది. మా రంగంలో దొంగలు లేరని అనను. ఊళ్లోకి అడుగుపెట్టకుండానే పట్టికలు తయారుచేసేవారు ఉన్నారు. కానీ పెద్ద తప్పులకు పెద్ద కారణం అది కాదు.

2004లో చాలా సంస్థలు వాజపేయి ప్రభుత్వమే మళ్లీ ముందుంటుందన్నాయి. కాంగ్రెస్ 145, బీజేపీ 138 దగ్గర ఆగాయి. వామపక్షాలు బయటి నుంచి మద్దతిస్తే మన్మోహన్ సింగ్ ప్రధాని అయ్యారు. 2024 జూన్ 1 సాయంత్రం ఎక్కువ సంస్థలు ఎన్డీయేకు 350కి పైగా ఇచ్చాయి, కొన్ని 400 దాకా వెళ్లాయి. జూన్ 4న వచ్చినవి 293. ఉత్తరప్రదేశ్‌లో బీజేపీ 62 నుంచి 33కు పడిపోవడాన్ని దాదాపు ఎవరూ పట్టుకోలేదు. నా అభిప్రాయంలో దీనికి కారణాలు రెండు. ఒకటి, బలమైన పార్టీకి వ్యతిరేకంగా ఓటేసినవాడు కొత్తవారి ముందు నోరు విప్పడు, విప్పినా నిజం చెప్పడు. రెండోది మా తప్పు. మన అంకె ఒక్కటే మిగతావాటికి దూరంగా నిలిచినప్పుడు చెయ్యి వణుకుతుంది, దాన్ని మంద వైపు కాస్త జరపాలనిపిస్తుంది. అలా జరిపిన అంకెలన్నీ కలిసి ఒకే గోతిలో పడతాయి.

బ్రిటన్‌లో ఎగ్జిట్ పోల్‌కు గౌరవం ఉంది. 2019లో కన్జర్వేటివ్ పార్టీకి 368 అన్నారు, 365 వచ్చాయి. అక్కడ గత ఎన్నికల్లో నిలబడ్డ పోలింగ్ కేంద్రాల్లో చాలావాటి దగ్గరే మళ్లీ నిలబడి, ఓటేసి బయటికొచ్చినవారికి నమూనా బ్యాలెట్ ఇచ్చి రహస్యంగా నింపించుకుంటారు. పోయినసారితో పోలిస్తే ఎంత మారిందో చూస్తారు. మన దగ్గర ఏడు విడతలు, 543 నియోజకవర్గాలు, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పోటీ. అయినా ఆ పద్ధతిలో మనం నేర్చుకోవలసింది ఉంది.

అపోహ: ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీయే ప్రభుత్వం ఏర్పాటు చేస్తుంది.

వాస్తవం: 1989లో కాంగ్రెస్‌కు 197, జనతాదళ్‌కు 143. ప్రధాని అయింది జనతాదళ్ నేత వీపీ సింగ్. ఆయన ప్రభుత్వానికి బీజేపీ, వామపక్షాలు రెండూ బయటి నుంచి మద్దతిచ్చాయి. జనతాదళ్, తెలుగుదేశం వంటి పార్టీలు కలిసి కట్టిన కూటమి నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు మన ఎన్టీఆర్. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో తెలుగుదేశానికి దక్కినవి రెండే. సొంత రాష్ట్రంలో అంతగా దెబ్బతిన్న నాయకుడి కూటమి ఢిల్లీలో గద్దెనెక్కుతుందని సీట్ల పట్టిక చూసి చెప్పగలమా? 1996లో 161 సీట్లతో అతిపెద్ద పార్టీగా నిలిచిన బీజేపీని ప్రభుత్వ ఏర్పాటుకు పిలిచారు. వాజపేయి ప్రభుత్వం 13 రోజులు నిలిచింది. ఆ తర్వాత యునైటెడ్ ఫ్రంట్ తరఫున దేవెగౌడ ప్రధాని అయ్యారు, ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబు నాయుడు. కర్ణాటకలో 2018లో 104 సీట్ల యడియూరప్ప మూడో రోజుకే రాజీనామా చేస్తే, 37 సీట్ల పార్టీ నేత కుమారస్వామి ముఖ్యమంత్రి అయ్యారు.

అందుకే మూడో లెక్కకు నేను వేరే కాగితం తీస్తాను. ముందస్తు పొత్తు ఎవరెవరి మధ్య ఉంది? గవర్నర్లు ఎవరిని ముందు పిలవాలన్న దానిపై కేంద్ర, రాష్ట్రాల సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్ చెప్పిన వరుసలో మొదటి చోటు ముందస్తు కూటమిదే. ఆ తర్వాత, ఏ పార్టీ తన సొంత రాష్ట్రంలో ఎవరితో కొట్లాడుతోంది? అక్కడ శత్రువైనవాడితో ఢిల్లీలో భుజం కలపడం కష్టం. 2024 జూన్‌లో బీజేపీకి 240 వచ్చిన రాత్రి నా ఫోను మోగుతూనే ఉంది. తెలుగుదేశం 16, జేడీయూ 12 తీసేస్తే ఎన్డీయేకు మిగిలేవి 265. మెజారిటీకి 272 కావాలి. "బాబు అటు వెళ్తారా?" అని అందరి ప్రశ్న. వెళ్లరని చెప్పాను. బీజేపీతో కలిసి ఓట్లు అడిగి, రాష్ట్రంలో కలిసి గెలిచి, రాజధానికీ పోలవరానికీ కేంద్రం నిధులు అవసరమైన పార్టీకి ఆ దారి లేదు. మరుసటి రోజే ఎన్డీయే పక్షాలు మోదీని నాయకుడిగా ఎన్నుకున్నాయి.

ముందస్తు పొత్తు కూడా రాతిమీద గీత కాదు. మహారాష్ట్రలో 2019లో బీజేపీ, శివసేన కలిసి పోటీచేసి 288లో 161 గెలిచాయి. ముఖ్యమంత్రి పదవి దగ్గర తెగదెంపులై, ఎన్‌సీపీ, కాంగ్రెస్‌ల మద్దతుతో ఉద్ధవ్ ఠాక్రే కుర్చీ ఎక్కారు. ఏ సర్వే ఫారంలోనూ దీనికి ప్రశ్న ఉండదు.

అపోహ: పందేల రేటు సర్వే కంటే నమ్మదగింది.

వాస్తవం: పందెం కాసేవాడు చూసేదీ అవే సర్వేలు, వినేదీ అవే పుకార్లు. రేటు కదిలితే అది డబ్బు కదలిక, ఓటరు కదలిక కాదు.

2024 ఏప్రిల్‌లో గోదావరి జిల్లా నుంచి ఒక రైతు ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి ఫోన్ చేశారు. కూటమికి 130 దాటుతాయని ఎకరం పొలం మీద పందెం కాస్తున్నాననీ, నా అంకె చెప్పమనీ అడిగారు. నా లెక్క 105 నుంచి 150 వరకు అన్నాను. "అంత తేడా ఉంటే సర్వే ఎందుకు బాబూ?" అన్నారు. "అంత తేడా ఉందని చెప్పడానికేనండీ, పొలం జోలికి వెళ్లకండి" అని అరగంట బతిమాలాను. చివరికి సరేనన్నారు.

ఫలితం 164. నా గీతకు పైన. దిశ సరిగ్గా పట్టినా ఎత్తు పట్టలేకపోయాను. ఆ సాయంత్రమే ఆయన మళ్లీ ఫోన్ చేసి, "కాసి ఉంటే గెలిచేవాణ్ని కదా బాబూ" అన్నారు. గెలిచేవారే. రేపు మళ్లీ అడిగినా పొలం పెట్టవద్దనే చెబుతానని ఆయనతో అన్నాను. కాసేపు ఊరుకుని, ఈసారి నాట్లు ఎప్పుడు వేస్తున్నారో చెప్పి ఫోన్ పెట్టేశారు.