దస్తావేజు మీది వేలిముద్ర బ్యాంకు ఖాతా దాకా ఎలా వచ్చింది

ఓటీపీ రాలేదు, పిన్ ఎవరికీ చెప్పలేదు, అయినా ఖాతా ఖాళీ. ఆధార్ నంబరు, వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసుకునే ఏఈపీఎస్ పద్ధతిలో మోసం బయటపడినప్పుడల్లా బ్యాంకులు ఇచ్చే జవాబు ఒకటే: లావాదేవీ మీ వేలిముద్రతోనే జరిగింది. ముద్ర ఖాతాదారుదే కావచ్చు, వేలు మాత్రం వేరేవాళ్లది.

ఆధార్ పుట్టుక, సుప్రీంకోర్టు తీర్పులు అందరికీ తెలిసినవే. కథ మలుపు తిరిగింది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో. 2001లో రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఎ సెక్షన్ చేర్చి, ఫొటో, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. దొంగ పేరుతో అమ్మేవాళ్లను ఆపడానికి అది మంచి ఏర్పాటే. తర్వాత అదే దస్తావేజులోకి ఆధార్ నంబరూ చేరింది. ఆపైన స్కాన్ కాపీ వెబ్‌సైట్‌కెక్కింది. రిజిస్ట్రేషన్ శాఖకు ఆ ముద్ర సంతకం, ఏఈపీఎస్‌కు తాళంచెవి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే విత్‌డ్రాయల్ అయిపోతుంది. స్కాన్ కాపీని జనానికి తెరిచేముందు ముద్ర ఉన్నచోట నల్లగా కప్పేస్తే సరిపోయేది.

హెచ్చరిక 2018లోనే వచ్చింది. పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, రబ్బరు నకళ్లు చేసి, ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. సిమ్‌ల అమ్మకాల టార్గెట్ల కోసమట! 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల ముద్రలతో ఏకంగా ఖాతాల మీదే పడింది.

ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ 2023 ఫిబ్రవరిలో ముద్రలోని గీతలతోపాటు వేలి చిత్రాన్నీ పోల్చి, అది బతికున్న వేలో కాదో చూసే పద్ధతి తెచ్చింది. పాత ఎల్0 రకం వేలిముద్ర స్కానర్ల బదులు ఎల్1 రకం వచ్చాయి. వీటిలో ఎన్‌క్రిప్షన్ పరికరం లోపలే జరుగుతుంది కాబట్టి మధ్యలో పాత డేటా చొప్పించడం కష్టం. రబ్బరు వేలిని పట్టడం మాత్రం ఎన్‌క్రిప్షన్ పని కాదు.

బయోమెట్రిక్ లాక్ చేసుకోమని బ్యాంకుల సలహా. ఉడాయ్ వెబ్‌సైట్ మైఆధార్‌లో లాక్ చేస్తే వేలిముద్ర ప్రయత్నం 330 ఎర్రర్‌తో ఆగిపోతుంది, నిజమే. రేషన్ షాపులో వేలు పెట్టినా అదే ఎర్రర్. బియ్యం కావాలంటే ముందు అన్‌లాక్ చేసుకోవాలి, స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లు ఆ పని ఎక్కడ చేయించుకోవాలి?

ఇక నష్టం ఎవరిదన్న తగువు. బ్యాంకుదీ ఖాతాదారుదీ కాని మూడో పక్షం లోపంతో డబ్బు పోయి, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం సున్నా అని ఆర్‌బీఐ 2017 జులై 6 సర్క్యులర్ చెప్పింది. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సింది బ్యాంకే అనీ అందులోనే ఉంది.