వేర్ ఉండగా హ్యావింగ్ ఎందుకు పుట్టింది

గుంటూరు మిర్చి యార్డుకు ఒక రోజు వచ్చిన సరుకును, లాటుకు ఒక వరుస చొప్పున, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), కమీషన్ కొట్టు పేరుతో పట్టికలో ఎక్కించామనుకుందాం. తేజ రకం లాట్లు పదికి మించి వచ్చిన కొట్లేవో తీయమంటే, గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గర, పట్టికల్లోంచి కావలసిన సమాచారం అడిగి తీసుకునే భాష అయిన ఎస్‌క్యూఎల్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది ‘వేర్ కౌంట్(*) > 10’ అని రాస్తారు. వేర్ వరుసలను షరతుతో వడకడుతుంది, కౌంట్(*) వరుసలను లెక్కిస్తుంది. ఆ భాషలో పనిచేసే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ దాన్ని ‘ఇన్వాలిడ్ యూజ్ ఆఫ్ గ్రూప్ ఫంక్షన్’ (గుంపు మీద చేసే లెక్కను తప్పు చోట వాడారు) అని తిప్పికొడుతుంది. వడకట్టడానికి వేర్ ఉండగా హ్యావింగ్ అనే మరో మాట ఎందుకని వాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. జవాబు ఆ భాష పుట్టుకలో ఉంది.

సమాచారాన్ని పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనాను ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలకు చెందిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రకటించారు. ఆయన వాడిన గణిత సంకేతాలు మామూలు ఉద్యోగులకు కొరుకుడుపడవని గ్రహించిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్, ఇంగ్లీషు వాక్యంలా చదువుకోగల సీక్వెల్ భాషను 1974లో ముందుకు తెచ్చారు. బాయిస్ అదే ఏడు చిన్న వయసులోనే కన్నుమూశారు. 1976లో వచ్చిన సీక్వెల్ 2 వివరణలో వరుసలను గుంపులు కట్టే గ్రూప్ బై పక్కన, ఆ గుంపులను వడకట్టే హ్యావింగ్ కనిపిస్తుంది. ట్రేడ్‌మార్కు చిక్కుతో పేరు ఎస్‌క్యూఎల్‌గా మారిన ఆ భాషకు 1986లో అమెరికా ప్రమాణం, మరుసటి ఏడు అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి.

అసలు కారణం ఆ తొలి ప్రమాణంలోనూ కనిపిస్తుంది. అందులో సమాచారం ఎక్కడి నుంచి తీయాలో చెప్పే ఫ్రమ్ తర్వాత పట్టిక పేరో వ్యూ (పేరుపెట్టి దాచుకున్న ప్రశ్న) పేరో రాయాలి తప్ప మరో క్వెరీ, అంటే సమాచారం అడిగే వాక్యం, రాయడానికి వీల్లేదు. కొట్లవారీగా లెక్కకట్టి, ఆ ఫలితాన్నే పట్టికగా తీసుకుని, దానిపై వేర్ పెట్టే దారి ఒకే క్వెరీలో లేదు కనుక, గుంపుల మీది షరతుకు అదే క్వెరీలో వేరే చోటు, వేరే మాట కావలసి వచ్చాయి. 1992 ప్రమాణం ఆ దారి తెరిచేనాటికి హ్యావింగ్ అందరి చేతికీ అలవాటైపోయింది.

రెండు మాటలకూ పని జరిగే వేళ వేరు. ఒక కొట్టుకు 14 లాట్లు వచ్చి, వాటిలో 9 మాత్రమే తేజ అయితే, రకం షరతును వేర్‌లో పెట్టినప్పుడు మిగతా 5 వరుసలు గుంపు కట్టకముందే రాలిపోతాయి. ఆ తర్వాత లెక్క 9 వస్తుంది, హ్యావింగ్ ఆ కొట్టును పక్కనపెడుతుంది. రకం షరతును మరిచిపోతే అదే కొట్టు 14తో దర్జాగా జాబితాలోకి వస్తుంది, ఏ ఎర్రర్ రాదు. నా దృష్టిలో తిప్పికొట్టిన క్వెరీ కంటే ఈ తప్పుడు జాబితాయే ప్రమాదం. ఒక్క లాటూ రాని కొట్టుకు వరుసే ఉండదు, గుంపూ కట్టదు; కాబట్టి ఈ పట్టిక మీద ‘హ్యావింగ్ కౌంట్(*) = 0’ ఆ కొట్టును ఎన్నటికీ చూపదు.

2003 ప్రమాణంలో వరుసలను గుంపుగా కలపకుండానే ప్రతి వరుస పక్కన ర్యాంకు, మొత్తం వంటి లెక్కలు చూపే విండో ఫంక్షన్లు చేరినప్పుడు ఇదే చిక్కు మళ్లీ వచ్చింది. వాటి లెక్క హ్యావింగ్ తర్వాత జరుగుతుంది కనుక, వాటిని వడకట్టడానికి వేర్ గానీ హ్యావింగ్ గానీ పనికిరావు. టెరాడేటా అనే డేటాబేస్ అందుకోసం క్వాలిఫై అనే మూడో మాట తెచ్చింది, అలాంటివే అయిన స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ దాన్ని అందుకున్నాయి. మైఎస్‌క్యూఎల్ వాడేవారు మాత్రం లోపలి క్వెరీలో లెక్కకట్టి, బయట వేర్ పెడుతున్నారు.