ఈ-వేస్ట్ సరిహద్దు దాటాలంటే: అపోహలు - వాస్తవాలు

ప్రమాదకర వ్యర్థాలు దేశాల సరిహద్దులు దాటడాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం బాసెల్. 2025 జనవరి 1న అందులో ఈ-వేస్ట్, అంటే పారేసిన ఎలక్ట్రానిక్ సామాన్ల నిబంధనలు మారాయి. అయినా పాత లెక్కలు పట్టుకుని అడిగే ప్రశ్నలే ఇంకా ఎక్కువ. ఎగుమతిదారులు, రీసైక్లర్లు, విదేశాల నుంచి పాత కంప్యూటర్లు పంపాలనుకునే మనవాళ్లు తరచూ పొరబడేవి ఇవి.

అపోహ: విషపదార్థాలు లేని తుక్కుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2024 చివరిదాకా ఈ మాటలో కొంత నిజం ఉండేది. ప్రమాదకరమైన ఈ-వేస్ట్‌ది అనుమతులు కావాల్సిన దారి, కానిది అవి అక్కర్లేని ఇంకో దారి. సీసం నిండిన పిక్చర్ ట్యూబులు, బ్యాటరీలు తీయని పరికరాలు కూడా ఆ రెండో దారిలోనే దూరిపోయేవి. దీన్ని మూసేయాలని ఘనా, స్విట్జర్లాండ్ కలిసి పెట్టిన ప్రతిపాదనను సభ్యదేశాలు 2022 జూన్‌లో ఆమోదించాయి. ఇప్పుడు ఒప్పందం జాబితాల్లో ప్రమాదకరమైనది ఏ1181 అనే కోడ్ కింద, కానిది వై49 కింద వస్తుంది. రెండింటికీ దిగుమతి చేసుకునే దేశం, మధ్యలో సరుకు ఆగే దేశాలు ముందే లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి.

అపోహ: బాసెల్ అంటే ఎగుమతి నిషేధమే.

ప్రమాదకర వ్యర్థాలు ధనిక దేశాల నుంచి మిగతా దేశాలకు వెళ్లకుండా ఆపే సవరణ వేరే ఉంది. అది 2019 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. మన దగ్గర్నుంచి బెల్జియం, స్వీడన్, జపాన్‌లలోని స్మెల్టర్లకు (లోహాలు కరిగించి తీసే కర్మాగారాలకు) సర్క్యూట్ బోర్డులు పంపడానికి ఆ సవరణ అడ్డు కాదు. అలా పంపడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. చేత్తో విప్పడంలో మన కార్మికుల పనితనం గొప్పది. యంత్రంలో వేసి నలగ్గొడితే విలువైన లోహాలు కొంత దుమ్ములో కలిసిపోతాయి, చేత్తో విప్పితే ఆ నష్టం ఉండదు. ఇక రాగి, బంగారం, వెండి, పలేడియంలను ఒకే చోట తీసి, పొగను శుద్ధి చేసే పెద్ద కొలిమిని ప్రతి దేశమూ కట్టుకోలేదు. మొరాదాబాద్ లాంటి చోట్ల యాసిడ్‌లో నానబెడితే పైపూత బంగారం వస్తుంది. చిప్పుల లోపలి సన్నటి తీగల్లో ఉన్న బంగారం చాలావరకు చేతికి రాదు, వాడిన యాసిడ్ మాత్రం నేలలోకి, నీళ్లలోకి ఇంకుతుంది.

బోర్డులు కట్టేముందు మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీని తీసేయాలి. అది బస్తాలో ఇంకో బోర్డు కాళ్లకు తగిలి షార్ట్ అయితే కంటైనర్‌లోనే మంటలు రావచ్చు. అల్యూమినియం హీట్‌సింక్‌లు విప్పాలి, ఎందుకంటే రాగి కొలిమిలో అల్యూమినియం చిట్టెంలోకి పోయి ఇబ్బంది పెడుతుంది. 2.5 సెంటీమీటర్లకు మించిన పెద్ద కెపాసిటర్లు కూడా విడిగా పెట్టాలి. పవర్ సప్లయ్‌ల గోధుమరంగు బోర్డులను మదర్‌బోర్డులతో కలపకూడదు. స్మెల్టర్ నమూనా తీసి పరీక్షించాకే ధర కడుతుంది, కలిపితే మంచి బోర్డుల రేటు కూడా పడిపోతుంది.

కాగితాల్లో మొదటిది నోటిఫికేషన్, అంటే ఆయా దేశాల అనుమతి కోరుతూ ముందే పంపే పత్రం. ఎంత బరువు, ఏ రేవులు, ఏ ప్లాంటు, ఏ పద్ధతిలో శుద్ధి అన్నీ అందులో ఉండాలి. ప్లాంటుతో ఒప్పందం, బీమా లేదా హామీ జతచేయాలి. ఒకే రకం సరుకు ఒకే ప్లాంటుకు మళ్లీ మళ్లీ పంపేటట్లయితే గరిష్ఠంగా 12 నెలలకు ఒకే నోటిఫికేషన్ సరిపోతుంది. సరుకు ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో చూపే కదలిక పత్రం మాత్రం ప్రతి సరుకు వెంటా నడవాలి, చేయి మారినప్పుడల్లా దానిమీద సంతకం పడాలి. ఎక్కువగా దెబ్బతినేది రేవుల దగ్గరే. ఓడ కంపెనీ రూటు మార్చి, నోటిఫికేషన్‌లో లేని దేశంలో కంటైనర్ దించితే ఆ దేశం అనుమతి లేనట్టే. అందుకే బుకింగ్ చేసేటప్పుడే మధ్య రేవుల పేర్లు లిఖితపూర్వకంగా తీసుకోండి.

అపోహ: స్విచ్ వేస్తే వెలిగింది కాబట్టి అది వేస్ట్ కాదు.

వెలగడం ఒక్కటే చాలదు. ఐరోపా నిబంధనల ప్రకారం ఒక్కో పరికరాన్నీ పరీక్షించి, పేరు, గుర్తింపు సంఖ్య, తెలిస్తే తయారైన ఏడాది, పరీక్ష తేదీ, ఫలితం రాసిన పత్రం దానికో, దాని ప్యాకింగ్‌కో అంటించాలి. దెబ్బ తగలకుండా ప్యాక్ చేయాలి. ప్యాకింగ్ లేకుండా కుప్పగా పోసిన మానిటర్లను చూస్తే కస్టమ్స్‌కు అనుమానం రాక మానదు.

అమెరికా నుంచో ఐరోపా నుంచో సొంతూరి బడికి వాడిన డెస్క్‌టాప్‌లు పంపాలనుకునేవాళ్లు ఇది గమనించాలి. పాత డెస్క్‌టాప్‌ల దిగుమతికి మన దేశంలో డీజీఎఫ్‌టీ (కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం) లైసెన్సు కావాలి. విరాళమని చెబితే సరుకు స్వభావం మారదు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లోనే బిల్లు, వారంటీ ఉన్న రీఫర్బిష్డ్ కంప్యూటర్లు కొనిస్తే బడికి నిజంగా పనికొస్తాయి.

అపోహ: అమెరికా తుక్కు తెచ్చుకోవడానికి కంపెనీల మధ్య ఒప్పందం చాలు.

చాలదు. అమెరికా బాసెల్ మీద సంతకం చేసింది కానీ ధ్రువీకరించలేదు. అలాంటి దేశంతో ఈ వ్యాపారం నడవాలంటే ప్రభుత్వాల మధ్య ప్రత్యేక ఒప్పందం ఉండాలి.

అపోహ: మన దగ్గరి ఈ-వేస్ట్ అంతా విదేశాలదే.

2022లో ప్రపంచంలో పుట్టిన ఈ-వేస్ట్ 6.2 కోట్ల టన్నులు. అందులో సరిహద్దులు దాటింది 51 లక్షల టన్నులు. ఆ 51 లక్షల్లో దాదాపు 33 లక్షల టన్నులు లెక్కాపత్రం లేకుండా ధనిక దేశాల నుంచి మిగతా దేశాలకు చేరాయి. అది పెద్ద అన్యాయమే. కానీ మన వీధుల్లో విప్పుతున్న ఫ్రిజ్‌లు, ఫోన్లు ఎక్కువగా మన ఇళ్లలోవే.

అపోహ: అక్రమ సరుకు పట్టుబడితే రేవులోనే వేలం వేసి సర్దేస్తారు.

తప్పు ఎగుమతిదారుదైతే, సమాచారం అందిన 30 రోజుల్లో సరుకు వెనక్కి వెళ్లేలా ఎగుమతి చేసిన దేశమే చూడాలని ఒప్పందంలోని 9వ అధికరణం చెబుతుంది. దేశాలు మాట్లాడుకుని వేరే గడువు పెట్టుకోవచ్చు. దిగుమతిదారుదైతే సురక్షితంగా వదిలించే బాధ్యత దిగుమతి దేశానిది. ఎవరిదో తేలకపోతే రెండు దేశాలూ కలిసి చూసుకోవాలి. అది తేల్చడానికి చేతిలో ఉండేవి ఆ నోటిఫికేషన్, కదలిక పత్రం, సీలు వేసేముందు తీసిన ఫొటోలే.