క్లాసికల్ శైలి ఇంటి అలంకరణ: గోదావరి డెల్టాలో అపోహలు - వాస్తవాలు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న దంపతులు కొందరు లోపలి అలంకరణ క్లాసికల్ శైలిలో కావాలని నా దగ్గరకు వస్తుంటారు. గ్రీకు, రోమన్ కట్టడాల నుంచి వచ్చిన ఈ శైలి మన చిత్తడి నేల మీద, ఉప్పుగాలిలో పదికాలాల పాటు నిలవాలంటే పని మొదలుపెట్టకముందే కొన్ని అపోహలు తొలగాలి.

అపోహ: క్లాసికల్ అంటే నిండుగా చెక్కడాలు, బంగారు రంగు, పెద్ద షాండ్లియర్.

వాస్తవం: ఈ శైలికి ప్రాణం కొలతల పొందిక. ఇటలీ వాస్తుశిల్పి విన్యోలా 1562లో మూడు గ్రీకు స్తంభ రీతులకు స్థిరపరిచిన లెక్క ప్రకారం డోరిక్ స్తంభం ఎత్తు దాని మందానికి 8 రెట్లు, అయోనిక్ 9 రెట్లు, కొరింథియన్ 10 రెట్లు ఉండాలి. మన ఇళ్లలో శ్లాబు ఎత్తు 10 అడుగులు అనుకుని, పైన కార్నిసుకు (గోడ, కప్పు కలిసేచోట వేసే అలంకార పట్టీకి) ఒక అడుగు వదిలితే స్తంభానికి మిగిలేది 9 అడుగులే కనుక, కొరింథియన్ స్తంభమైనా దాదాపు 11 అంగుళాల మందం ఉండాలి. అలాంటి స్తంభాలను 12 అడుగుల హాలులో నిలబెడితే నడిచే దారి ఇరుకవుతుంది. దారి కోసం మందాన్ని 6 అంగుళాలకు తగ్గిస్తే, పైన ఆకుల చెక్కడం ఎంత నేర్పుగా చేసినా స్తంభం కప్పును మోయలేనిదిగా కనిపిస్తుంది. అందుకే సాధారణ ఎత్తు ఉన్న ఇళ్లకు నేను గోడలోంచి ఒకటి రెండు అంగుళాలు మాత్రమే ముందుకు వచ్చే చదునైన అర్ధస్తంభాలనే సూచిస్తాను. గోడకు వేసే నడుము పట్టీని కూడా 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉంచాలి. గోడను సరిగ్గా సగానికి విడదీసే పట్టీ గదిని పొట్టిగా చూపిస్తుంది. బంగారు పూత ఒక అద్దం చట్రానికి ఉంటే చాలునని నా అభిప్రాయం.

అపోహ: ఇది పరాయి శైలి, మన ఇంటికి అతకదు.

వాస్తవం: మన మండువా లోగిలిని గుర్తు చేసుకోండి. నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన కప్పు, చుట్టూ స్తంభాలు, నడుమ వాననీరు పడే ఖాళీ చోటు. పురాతన రోమన్ ఇళ్లలోని నడిమి హాలు కూడా ఇదే పద్ధతిలో ఉండేది. అక్కడా కప్పు లోపలికి వాలి, వాన కింది తొట్టిలో పడేది. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ద్వారాలు ఒకే వరుసలో ఉండే మన పాత ఇళ్ల అమరిక క్లాసికల్ శైలి కోరే సమతూకానికి చక్కగా సరిపోతుంది. తాతల ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు స్తంభాలు, ద్వారబంధాలు ఉంటే దయచేసి అమ్మేయకండి. కొత్త హాలుకు వాటిని మించిన ఆభరణం దొరకదు.

అపోహ: మౌల్డింగులన్నీ (గోడల మీది అలంకార పట్టీలన్నీ) పీఓపీతో, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో, చేయిస్తే చవకగా, తేలికగా అయిపోతుంది.

వాస్తవం: పైకప్పు దగ్గర పీఓపీ ఫర్వాలేదు. సమస్య గోడ కింది భాగంలో వస్తుంది. డెల్టాలో భూగర్భజలం చాలాచోట్ల నేలకు దగ్గరగా ఉంటుంది. పునాది మీద తేమను ఆపే పొర సరిగా లేకపోతే ఆ చెమ్మ ఇటుకల గుండా పైకి పాకి, తనతో తెచ్చిన ఉప్పును గోడ మీద వదులుతుంది. పీఓపీ అంటే జిప్సమే కనుక తడికి మెత్తబడి పెచ్చులుగా రాలిపోతుంది. కింది అంతస్తులో నడుము ఎత్తు లోపల నేను పీఓపీ వాడనివ్వను. అక్కడ సిమెంటు మౌల్డింగు గానీ, నీరు పీల్చని పాలీయురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పట్టీలు గానీ వేయిస్తాను. గోడ చెమ్మను ముందు సరిచేయించకుండా దాని మీద ఏ పదార్థంతో ప్యానెల్ బిగించినా వెనుక బూజు పెరుగుతూనే ఉంటుంది.

అపోహ: టేకు అయితే చాలు, ఇంకేమీ చూడక్కర్లేదు.

వాస్తవం: పచ్చి టేకు కూడా వంగుతుంది, పగులుతుంది. బాగా ఆరిన కలపనే తీసుకోవాలి. ప్యానెల్ చేసేటప్పుడు మధ్య పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా, కొద్దిగా వదులుగా కూర్చోబెట్టమని వడ్రంగి మేస్త్రికి ముందే చెప్పాలి. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోయే కలపకు ఆ చోటు అవసరం. ప్లైవుడ్ వాడే చోట తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఇచ్చే ఐఎస్ 710 గుర్తు చూసి తీసుకోండి.

అపోహ: వంటింటి గట్టుకు తెల్ల మార్బుల్ వేస్తేనే నిండుదనం.

వాస్తవం: చింతపండు పులుసు, నిమ్మరసం తగిలిన చోట మార్బుల్ మెరుపు పోతుంది, పసుపు మరక లోపలికి ఇంకుతుంది. గట్టుకు గ్రానైట్ వేసి, మార్బుల్‌ను హాలుకు ఉంచుకోండి.

అపోహ: ఈ పని గృహప్రవేశానికి నెల ముందు మొదలుపెడితే సరిపోతుంది.

వాస్తవం: అప్పటికి ఆలస్యమైపోతుంది. ఏ ప్యానెల్ ఎక్కడ వస్తుందో నమూనా గీయడం పూర్తయిన తరువాతే ఎలక్ట్రీషియన్ వైర్ల కోసం గోడలో గాడులు కొట్టాలి. లేకపోతే స్విచ్‌బోర్డు సరిగ్గా పట్టీ మీదికి వచ్చి, వరుస అంతా చెడుతుంది. దంపతులిద్దరి మాట వినవలసిన సమయం కూడా అదే. ఇల్లు ఆయన పేరున ఉందనో, అలంకరణ ఆవిడ ఇష్టమనో ఒక్కరినే అడిగి గీసిన నమూనా పని మధ్యలో మారడం తరచూ చూస్తుంటాను. అందుకే ఇద్దరినీ విడివిడిగా అడిగి రాసుకుని, తేడా వచ్చిన గదుల గురించి ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటాం. వంటగట్టు ఎత్తును మాత్రం అక్కడ ఎక్కువసేపు నిలబడేవారి మోచేతికి 4 నుంచి 6 అంగుళాలు కిందికి ఉండేలా, వారిని నిలబెట్టి కొలిచిన తరువాతే ఖాయం చేస్తాను.