మెడ మీద నల్ల చార

నా బంగారు తల్లులకు,

నెల్లూరు నుంచి అమ్మమ్మ రాసేది. పండక్కి వచ్చినప్పుడు చిన్నదానికి జడ వేస్తుంటే మెడ వెనక నల్లటి చార కనిపించింది, తాకితే కాస్త మందంగా, మెత్తగా మఖమల్ గుడ్డలా ఉంది. ఇంటినిండా చుట్టాలున్నారని అప్పుడేమీ అనలేదు. కానీ ఊరుకోలేకపోతున్నాను, పెద్దదానివి నువ్వూ చదువు.

అదే చార మీ పిన్నికి పదిహేనేళ్ళప్పుడు వచ్చింది. మురికి అనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి మెడ ఎర్రబడేదాకా రుద్దాను. మురికి కాదని తెలిసేసరికి దానికి పెళ్ళయి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ అది పడ్డ మాటలు మీకు చెప్పను. రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి సంతాన రొట్టె పట్టాం, ఆ నమ్మకాన్ని నేనిప్పటికీ కాదనను, కానీ దానికి నెలసరి రెండు నెలలకో మూడు నెలలకో వస్తుంటే పెళ్ళికి ముందే డాక్టరుకు చూపించకపోవడం నా తప్పే.

డాక్టరమ్మ అర్థమయ్యేలా చెప్పింది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటే, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ అనే హార్మోన్ మాట ఒళ్ళు వినదట, వినేదాకా ఒళ్ళు ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారు చేస్తుందట. అలా ఎక్కువైనదే మెడ మీద నలుపు తెస్తుంది, అదే అండాశయాల్లో మగ హార్మోన్లను పెంచుతుంది, దాంతో అండం పూర్తిగా ఎదగదు, విడుదల కాదు. గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు కూడా దాంతోనే. పైగా కొవ్వు తనే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారు చేసి, మెదడు నుంచి అండాశయాలకు వెళ్ళే కబురును తారుమారు చేస్తుంది. అండాశయాల ఇబ్బందిని పీసీఓఎస్ అంటున్నారే, అది ఉన్న చాలామందిలో ఇదే జరుగుతోంది. సన్నగా ఉన్నవాళ్ళకూ అది రావచ్చు, లావుగా ఉండి ఏ ఇబ్బందీ లేకుండా పిల్లల్ని కన్నవాళ్ళూ ఎందరో ఉన్నారు, కాబట్టి ఒళ్ళు చూసి ఎవరినీ ఒక్క మాట అనకండి.

మన దేశంలో పెద్దవాళ్ళకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే లెక్క, 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం. మీ పిన్ని అప్పుడు 78 కిలోలు. నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా చాలామందికి అండం విడుదల మళ్ళీ మొదలవుతుందని డాక్టరమ్మ చెబితే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. చేపల పులుసు మానలేదు, కంచంలో కొండలా పెట్టుకునే అన్నాన్ని రెండు గరిటెలకు తెచ్చి ఆ ఖాళీలో చేప ముక్కలు, ఆకుకూర పప్పు వేసుకుంది. మలై కాజా మానేసింది, పొద్దున్నే నడిచింది. నెలసరి దారిన పడింది. తర్వాత మాత్రలు కూడా వాడాల్సి వచ్చింది, అదీ దాచను. మీ బాబాయికీ పరీక్ష చేశారు, లోపం మగవాళ్ళలోనూ ఉండొచ్చు కదా.

చిన్నీ, పెళ్ళి, పిల్లలు అన్న ఆలోచన నీకిప్పుడు అక్కర్లేదు. వదిలేస్తే ముందుముందు షుగర్ వచ్చే ప్రమాదం కూడా ఉందనే నా టెన్షన్. కడుపు మాడ్చుకోకు, ఆన్‌లైన్లో అమ్మే పొడులు తాగకు. ఈ ఆరు నెలల్లో నెలసరి వచ్చిన తేదీలు కేలెండర్ మీద రాసిపెట్టు. శనివారం బస్సుకు వస్తాను, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి పోదాం. ఈలోపు ఆ మెడకు సున్నిపిండి రుద్దొద్దని మీ అమ్మకు చెప్పు, మంట పుడుతుంది.

మీ అమ్మమ్మ