జ్వరం లేదుగా అని ఆగొద్దు: మోకాలి లిగమెంట్ ఆపరేషన్ తర్వాత అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని. ఏసీఎల్ ఆపరేషన్, అంటే మోకాలి లోపల తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తది వేసే ఆపరేషన్, అయ్యి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కబడ్డీలో కాలు మెలిపడ్డవాళ్లు, లేదంటే బైకు మీంచి పడ్డవాళ్లు. ఆపరేషన్ సర్జన్ గారు చేసినా, తర్వాత వారానికి మూడు నాలుగుసార్లు ఆ మోకాలిని చేత్తో పట్టుకుని చూసేది మేమే. ఏదైనా తేడా చేస్తే, ఏమనుకుని ఇన్నాళ్లూ ఇంట్లోనే ఆగారో కూడా మేమే వింటాం. అలా విన్న మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: చీము పడితే జ్వరం వస్తుంది. జ్వరం లేదంటే ఇన్ఫెక్షన్ లేనట్టే.

ఒక కబడ్డీ కుర్రాడు ఆపరేషన్ అయిన 18వ రోజు వచ్చాడు. అంతకుముందు వారం 90 డిగ్రీలు వంగిన మోకాలు ఆ రోజు 60 దగ్గరే ఆగిపోయింది. దిగిపోయిన వాపు మళ్లీ ఎక్కింది. కుట్లు శుభ్రంగా ఉన్నాయి, ఒళ్లు కాలడం లేదు. "నిన్న ఎక్సర్‌సైజులు ఎక్కువ చేశాడండీ" అంది వాళ్లమ్మ. ఏం మాత్రలు వేస్తున్నారని అడిగితే సంచిలోంచి షీటు తీసింది. పూటకొకటి చొప్పున నొప్పి మాత్ర, అందులోనే పారాసెటమాల్. ఇంక జ్వరం పైకి ఎలా తేలుతుంది? ఆ సాయంత్రమే సర్జన్ దగ్గరికి పంపాను. సూదితో కీలులోని నీరు తీసి పరీక్ష చేస్తే ఇన్ఫెక్షనే. రెండుసార్లు కీలు లోపల కడగాల్సి వచ్చింది, వారాల తరబడి యాంటీబయాటిక్స్ పడ్డాయి. కొత్త లిగమెంట్ మాత్రం నిలిచింది.

వాస్తవం: కీలు లోపల ఇన్ఫెక్షన్ అరుదు, నూటికి ఒక్కరికి కూడా రాదు. వస్తే మాత్రం ఎక్కువగా మొదటి నెలలోనే వస్తుంది, చాలాసార్లు జ్వరం పెద్దగా ఉండదు. మొదటి రెండు రోజులు ఒళ్లు కాస్త వెచ్చబడటం, కొన్ని వారాలపాటు మోకాలు ముట్టుకుంటే వేడిగా తగలడం మామూలే. నేను చూసేది నొప్పి ఎంతుందని కాదు, ఎటు పోతోందని. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, వంగిన మోకాలు వంగనన్నా, కుట్ల దగ్గర తడి ఆరకపోయినా, జ్వరం 100.4 దాటినా అదే రోజు సర్జన్‌కి చెప్పాలి. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ రక్తపరీక్ష సంగతీ అంతే. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు అది ఎలాగూ పెరుగుతుంది, తర్వాత రెండు వారాల్లో మామూలుకి దిగుతుంది. దిగినది మళ్లీ లేచిందంటే అనుమానించాలి. ఈలోగా మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోకండి. తర్వాత కీలు నీరు పరీక్షకు పంపినా ఏ క్రిమో దొరకకపోవచ్చు.

అపోహ: పప్పు, వంకాయ తింటే చీము పడుతుంది.

ఈ మాట మా అమ్మమ్మ కూడా అనేది. ఆవిడ మీద గౌరవంతోనే చెబుతున్నా, పప్పుకీ చీముకీ సంబంధం లేదు. ఆపరేషన్ తర్వాత తొడ కండ ఎలాగూ కరుగుతుంది, దానికి తోడు పప్పు, గుడ్డు మానేసి చారన్నంతో సరిపెడితే కండ మళ్లీ ఎప్పుడు పట్టాలి? పథ్యం చేయాలనే ఉంటే షుగరున్నవాళ్లు షుగర్ అదుపులో పెట్టుకోండి. ఇన్ఫెక్షన్‌కి నిజంగా దారి తీసేది అదుపు తప్పిన షుగరే.

అపోహ: పిక్క పట్టేసింది, నూనె రాసి మర్దన చేస్తే పోతుంది.

వాస్తవం: ఈ ఒక్కటీ వింటే నాకు నిజంగా టెన్షన్. ఆపరేషన్ తర్వాత కదలిక తగ్గిన కాలిలో రక్తం గడ్డకట్టవచ్చు. కుర్రవాళ్లకు కూడా. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, సిగరెట్లు తాగేవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు, ఇంతకుముందు గడ్డ వచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆపరేషన్ అయిన వారానికే రాత్రి బస్సెక్కి ఊరెళ్లేవాళ్లు కూడా. ఇక్కడో చిక్కుంది. కొత్త లిగమెంట్ కోసం తొడ వెనక నుంచి టెండన్ (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) తీసినప్పుడు కమిలిన రక్తం పిక్క మీదుగా చీలమండ దాకా దిగి నల్లగా కనిపిస్తుంది. అది మామూలే. కానీ పిక్క బిగుసుకుని నొప్పి పెడుతున్నా, రెండో కాలికంటే లావెక్కినా చేత్తో నొక్కి తేల్చుకునే విషయం కాదు, రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. తేలేదాకా మర్దన వద్దు. ఆయాసం, గుండెల్లో పోటు, కళ్లెలో రక్తం కనిపిస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు, 108కి ఫోన్ చేయండి.

అపోహ: కుట్ల పక్కన మొద్దుబారింది, నరం తెగిపోయింది.

వాస్తవం: కుట్లకి బయటి పక్క అరచేయంత మేర స్పర్శ తగ్గడం చాలామందికి జరుగుతుంది. అక్కడి సన్నటి నరం దెబ్బతినడం వల్ల వచ్చేదే, నడకకు అడ్డు కాదు. మత్తు దిగాక కూడా పాదం పైకి ఎత్తలేకపోతే మాత్రం వేరే సంగతి. పిక్క రాయిలా బిగిసి, కాలి వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వస్తుంటే, మాత్రలకి లొంగకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. గంటల్లో కండ చచ్చిపోతుంది.

అపోహ: మోకాలి కింద దిండు పెడితే త్వరగా తగ్గుతుంది.

వాస్తవం: హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టండి. అందరూ "బాసింపట్టు ఎప్పుడు వేస్తాను" అని అడుగుతారు, కాలు పూర్తిగా చాపగలుగుతున్నానా అని ఒక్కరూ అడగరు. నెల దాటినా చాపలేకపోతే, చివర్లో ఏదో అడ్డం పడ్డట్టు అనిపిస్తే లోపల మచ్చకండ పెరిగిందేమో చూపించుకోవాలి.

అపోహ: మూడో నెలకి నొప్పి పోయింది, లిగమెంట్ అతుక్కుంది.

వాస్తవం: దాదాపు 6 నుంచి 12 వారాల మధ్యే అది బాగా బలహీనంగా ఉంటుంది. కాలు జారి టప్‌మని శబ్దం వచ్చి, వెంటనే వాచి, మోకాలు నిలవకపోతే పరీక్ష చేయించుకోవాల్సిందే. కబడ్డీ కోర్టు 9 నెలల తర్వాతి మాట.

అపోహ: చిన్నదానికి డాక్టరు గారిని విసిగించకూడదు.

ఫోన్ చేయండి. "నొప్పిగా ఉందండీ" అని ఊరుకుంటే అవతల ఏమీ అర్థం కాదు. ఆపరేషన్ అయ్యి ఎన్నో రోజు, నిన్న ఎంత వంగింది, ఇవాళ ఎంత, థర్మామీటర్‌లో ఎంతుంది, చివరి నొప్పి మాత్ర ఎన్నింటికి వేశారు, ఇవి చెప్పండి. రెండు మోకాళ్లూ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీసి పంపండి.