ఆఫీసులకు జనం మార్కులేసిన బెంగళూరు

నగరాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ సీజన్ వస్తే మన ఊళ్లలో ఎక్కడ చూసినా ‘మీ అభిప్రాయం చెప్పండి’ అనే హోర్డింగులే. ఊరి పాలన ఎలా ఉందో ఊరివాళ్లనే అడిగి లెక్క తేల్చే పని మన దేశంలో ఇంతకు చాలా ముందే, 1990ల మొదట్లో బెంగళూరులో జరిగింది. చేయించింది ప్రభుత్వం కాదు.

అహ్మదాబాద్ ఐఐఎంకు డైరెక్టర్‌గా, తర్వాత ప్రపంచబ్యాంకులో పనిచేసిన శామ్యూల్ పాల్ బెంగళూరులో స్థిరపడ్డారు. నీళ్లు, కరెంటు, ఫోను, ఇంటి స్థలం... ఏ పని మీద వెళ్లినా ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. అందరూ తిట్టుకునేవాళ్లే. కానీ ఏ ఆఫీసు ఎంత అధ్వానమో చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు. 1993లో పాల్, మరికొందరు కలిసి వెయ్యికి పైగా కుటుంబాలతో సర్వే మొదలుపెట్టారు. మధ్యతరగతి ఇళ్లను, మురికివాడల్లోని ఇళ్లను విడివిడిగా అడిగారు.

ఆ ప్రశ్నల్లోనే అసలు సంగతంతా ఉంది. ‘సేవలు బాగున్నాయా’ అని అడిగి ఊరుకోలేదు. పని కోసం ఏ ఆఫీసుకు వెళ్లారు, ఎన్నిసార్లు తిరిగారు, సిబ్బంది ఎలా మాట్లాడారు, చివరికి పని అయిందా, ఎవరి చేయైనా తడపాల్సి వచ్చిందా? ఇలా అడిగితే అభిప్రాయం కాదు, అనుభవం బయటికొస్తుంది. ‘మా శాఖ బాగానే పనిచేస్తోంది’ అని అధికారి కొట్టిపారేయడం కష్టమవుతుంది.

1994లో ఫలితాలు రిపోర్ట్ కార్డు పేరుతో బయటికొచ్చాయి. సేవలతో తృప్తిగా ఉన్నామన్నవాళ్లు సగటున 9 శాతం. స్థలాలు, లేఅవుట్లు చూసే బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ, అదే బీడీఏ, విషయంలో అయితే 1 శాతమే. టైమ్స్ ఆఫ్ ఇండియా ఒక్కో శాఖ బండారాన్ని వారం వారం అచ్చేసింది. చాలా శాఖలు విననట్టే ఊరుకున్నాయి. అందరికంటే తక్కువ మార్కులొచ్చిన బీడీఏ మాత్రం మొదట కదిలింది, తమ పని తీరు మార్చుకోవడానికి పాల్ బృందం సాయం అడిగింది. పేరు పెట్టి, పక్క శాఖ పక్కన నిలబెట్టి చూపించడం వల్లే ఆ కదలిక వచ్చిందని నా నమ్మకం.

ఈ పని కొనసాగించడానికి పాల్ 1994లోనే పబ్లిక్ అఫైర్స్ సెంటర్ పెట్టారు. 1999లో రెండో రిపోర్ట్ కార్డు వచ్చేసరికి కొద్దిపాటి మెరుగే కనిపించింది, లంచాల బెడద మాత్రం తగ్గలేదు. అదే ఏడాది ముఖ్యమంత్రి అయిన ఎస్.ఎం.కృష్ణ, ఊరి సేవలు బాగుచేయడానికి ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నందన్ నీలేకని అధ్యక్షుడిగా బెంగళూరు అజెండా టాస్క్‌ఫోర్స్ వేశారు. అందులో పాల్ కూడా సభ్యులు. 2000లో, ఆస్తి పన్ను ఎంతో ఇంటి యజమానే లెక్కగట్టి కట్టే పద్ధతి వచ్చింది. 2003 సర్వేలో తృప్తి 49 శాతానికి చేరింది. ఈ ఘనత అంతా సర్వేదే అనలేం, ముఖ్యమంత్రి పట్టుదల కూడా కలిసొచ్చింది. కానీ పదేళ్లలో మూడుసార్లు అడిగారు కాబట్టే, ఏది మారిందో ఏది మారలేదో చెప్పడం సాధ్యమైంది.

2016లో కేంద్రం 73 నగరాలతో స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలుపెట్టింది. 2017లో 434 నగరాలకు ర్యాంకులిస్తే విశాఖ మూడో స్థానంలో నిలిచింది. 2018లో మొత్తం 4,000 మార్కుల్లో 1,400 జనం అభిప్రాయానికే కేటాయించారు. అడిగిన ప్రశ్నల్లో ఒకటి: ‘మీ నగరం ఈ పోటీలో పాల్గొంటోందని మీకు తెలుసా?’ చెత్త మీద ఫిర్యాదు చేసే స్వచ్ఛత యాప్‌ను ఎంతమంది వాడుతున్నారన్నదానికీ మార్కులుండేవి. దాంతో చెత్త తీయాల్సిన సిబ్బందికి జనం చేత ఫీడ్‌బ్యాక్ పెట్టించడం ఒక టెన్షన్ అయింది. ఎవరికి మార్కులు రావాలో వాళ్లే వచ్చి, దగ్గరుండి అభిప్రాయం చెప్పిస్తే దాన్ని జనం మాట అని ఎలా నమ్ముతాం?

ఈ సర్వేక్షణ్ వల్ల ఊళ్లు శుభ్రపడలేదని కాదు. చెత్త గురించి ఇంత చర్చ అంతకుముందు లేదు. అయితే హైదరాబాద్‌కో విజయవాడకో కావాల్సింది ఊరు మొత్తానికి ఒక ర్యాంకు కాదు. బస్తీలో నల్లా నీళ్లెలా వస్తున్నాయో, పక్క కాలనీలో ఎలా వస్తున్నాయో విడివిడిగా తెలియాలి. ఆ సర్వేను కార్పొరేషన్ సిబ్బంది కాకుండా బయటివాళ్లు చేయాలి, వార్డువారీగా ఫలితాలు పేపర్లో రావాలి, రెండేళ్లకోసారి అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి.